ముల్లు మధ్యలో ఉంటే

కాక్‌పిట్‌లో గ్లైడ్ పాత్ ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడిందంటే రెండు కారణాలు ఉండొచ్చు. విమానం దిగవలసిన దారిలోనే దిగుతుండొచ్చు. లేదా కింద మా షెల్టర్‌లో ట్రాన్స్‌మిటర్ సగం చచ్చిపోయి, విమానం ఎక్కడున్నా సరే ‘బాగానే ఉన్నావు’ అంటుండొచ్చు. పైన కూర్చున్న పైలట్‌కు ఈ రెంటికీ తేడా ఆ ముల్లులో కనబడదు. ఆ రెండోది జరక్కుండా కాపలా కాయడమే నా ఉద్యోగం.

నేను 1984లో సివిల్ ఏవియేషన్ శాఖలో టెక్నికల్ అసిస్టెంటుగా చేరాను. శిక్షణ అలహాబాద్ పక్కన బమ్రౌలీలో. రెండేళ్లకు మా శాఖ నేషనల్ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అయింది, 1995లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా అయింది. బోర్డులు మారాయి గాని పని మారలేదు. మా అమ్మ చివరిదాకా మా వాడు విమానాలకు సిగ్నల్ ఇస్తాడని చెప్పుకునేది, రైల్వే గేటు దగ్గర పచ్చజెండా ఊపే మనిషిని తలుచుకుని కాబోలు. నేనెప్పుడూ దిద్దలేదు. దిద్దడానికి అందులో పెద్ద తప్పు కూడా లేదు.

వానలో, పొగమంచులో, చీకట్లో విమానాన్ని రన్‌వే మీదికి తెచ్చే ఏర్పాటును ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టం అంటారు, మా నోట ఐ.ఎల్.ఎస్. రన్‌వే అవతలి కొసన అడ్డంగా నిలబెట్టిన యాంటెన్నాల వరస లోకలైజర్. అది ఎడమ కుడి చెబుతుంది. రన్‌వే మొదటి నుంచి సుమారు 300 మీటర్లు లోపలికి వచ్చి, పక్కకు ఓ 120 మీటర్లు జరిగితే ఎరుపు తెలుపు పట్టీల స్తంభం, దాని కింద షెల్టర్ అనే చిన్న గది ఉంటాయి. అది గ్లైడ్ పాత్. పైన కింద చెబుతుంది. మామూలుగా 3 డిగ్రీల వాలు. రెండూ పనిచేసే తీరు ఒక్కటే. గాలిలోకి రెండు స్వరాలు పంపుతాం, ఒకటి సెకనుకు 90 కంపనాలు, రెండోది 150. విమానం ఎడమకు జరిగితే 90 గట్టిగా వినబడుతుంది, కుడికి జరిగితే 150. దారికి పైనుంటే 90, కిందుంటే 150. రెండూ సమానమైతే ముల్లు మధ్యలో. అంటే ఆ యంత్రం చెప్పగలిగింది ‘రెండూ సమానం’ అన్న ఒక్క సంగతే. ఎందుకు సమానమయ్యాయో అది చెప్పలేదు. ఈ వృత్తి చరిత్ర మొత్తం ఆ ‘ఎందుకు’ చుట్టూ తిరిగిందే.

సమానత్వం మీద నడవడం మొదటి రోజు నుంచీ ఉంది. 1929 సెప్టెంబరు 24న న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లోని మిచెల్ ఫీల్డ్‌లో జిమ్మీ డూలిటిల్ అనే సైనిక పైలట్ కాక్‌పిట్ మీద గుడ్డ కప్పించుకుని, బయట ఏమీ కనబడకుండా పైకి లేచి, చుట్టు తిరిగి, కిందికి దిగాడు. గుగ్గెన్‌హైమ్ నిధి పెట్టిన ఖర్చు అది. ముందు సీట్లో కూర్చున్న బెన్ కెల్సీ, ఎందుకైనా మంచిదని వెంటబెట్టుకున్న పైలట్, తాను నడపడం లేదని కింద ఉన్నవాళ్లకు తెలియడానికి చేతులు పైకెత్తి పెట్టాడు. డూలిటిల్ ముందు స్పెర్రీ వారి కృత్రిమ క్షితిజం, కోల్స్‌మన్ ఆల్టిమీటరు, రేడియో దారి చూపడానికి అదురుతున్న రెండు సన్నని రేకులు. రెండు రేకులూ ఒకే పొడవున కనబడితే దారిలో ఉన్నట్టు. తరువాత అమెరికా బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో హ్యారీ డైమండ్, ఫ్రాన్సిస్ డన్‌మోర్ ఈ పనిని నిలువు దారి దాకా సాగదీశారు. జర్మనీలో లోరెంజ్ కంపెనీ చుక్కలూ గీతలూ పంపేది. మధ్య గీతలో ఉంటే రెండూ కలిసిపోయి పైలట్ చెవిలో ఒకే ఎడతెగని మోత. పుస్తకాల్లో ఇదంతా విజయగాథగా ఉంటుంది. నాకు మాత్రం ఒక అనుమానం ఎప్పుడూ వదల్లేదు. ఆ రోజు రేకులు రెండూ ఒకేసారి మొండికేసి ఉంటే డూలిటిల్‌కు ఎవరు చెప్పేవారు? కెల్సీ చెప్పేవాడు. అంటే మొట్టమొదటి మానిటర్ ఒక మనిషి.

అబద్ధం చెప్పే రేడియో దీపాలు కూడా కొత్త కాదు. 1940లో లోరెంజ్ పద్ధతినే పెద్దది చేసి జర్మన్లు ఇంగ్లండు నగరాల మీద రెండు కిరణాలు ఖండించుకునేలా పంపారు, అవి కలిసిన చోట బాంబులు వేయడానికి. ఆ సంగతి పసిగట్టిన ఆర్.వి. జోన్స్‌కు అప్పటికి 28 ఏళ్లు. బ్రిటిష్ వైమానిక దళంలో 80వ వింగ్ వాళ్లు జర్మన్ బీకన్ల సంకేతాలను పట్టి, తమ దేశంలో వేరే చోట నుంచి తిరిగి ప్రసారం చేసేవారు. జర్మన్ విమానం తన బీకన్ వైపే పోతున్నాననుకుంటూ దారి తప్పేది. అప్పటి యుద్ధంలో అది తెలివి. ఈనాడు ఆ పనే ప్రయాణికుల విమానాల మీద జరుగుతోంది. దాని సంగతికి తరువాత వస్తాను.

మళ్లీ నిజం చెప్పే కిరణాల కథకు వస్తే, 1938 జనవరి 26న పెన్సిల్వేనియా సెంట్రల్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 247 ఒకటి మంచు తుపానులో పిట్స్‌బర్గ్‌లో ఐ.ఎల్.ఎస్. మీద దిగింది. ప్రయాణికుల సర్వీసు రేడియో కిరణం మీద దిగడం అమెరికాలో అదే మొదలంటారు. యుద్ధం అయ్యాక 1949లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో దీన్ని ప్రపంచ ప్రమాణం చేసింది. ఆ ప్రమాణాల పుస్తకంలో నాకు నచ్చిన భాగం కిరణం ఎలా ఉండాలన్నది కాదు, చెడితే ఎంతసేపట్లో నోరు మూసుకోవాలన్నది. మొదటి తరగతి, అంటే 200 అడుగుల దాకా దింపే ఐ.ఎల్.ఎస్.లో లోకలైజర్ మధ్య గీత రన్‌వే దగ్గర 10.5 మీటర్ల కన్నా పక్కకు జరిగితే 10 సెకండ్లలో ట్రాన్స్‌మిటర్ ఆగిపోవాలి. గ్లైడ్ పాత్‌కు 6 సెకండ్లు. మూడో తరగతిలో, అంటే విమానం తనంతట తానే నేల తాకేదానిలో, మధ్య గీతకు 6 మీటర్లు, సమయం 2 సెకండ్లు. 1965లో లండన్‌లో ట్రైడెంట్ విమానం ప్రయాణికులతో ఆటోమేటిక్‌గా దిగినప్పుడు పేపర్లన్నీ విమానాన్ని మెచ్చుకున్నాయి. మా వాళ్లు మెచ్చుకోవలసింది మాత్రం ఆ 2 సెకండ్లను.

ఇలా తన గొంతు తానే నొక్కేసే పెట్టెను మానిటర్ అంటాం. యాంటెన్నా పక్కనే చిన్న పసిగట్టే తీగ ఉంటుంది. అది 90నీ 150నీ కొలుస్తూ కూర్చుంటుంది. తేడా వస్తే రెండో ట్రాన్స్‌మిటరుకు మార్చేస్తుంది, అదీ బాగాలేకపోతే రెంటినీ ఆపేస్తుంది. సంకేతం పోతే కాక్‌పిట్‌లో ముల్లు పక్కన ఎర్ర ఫ్లాగ్ పడుతుంది. అది చూశాక ఇక పైలట్ మోసపోడు.

ఇంత పకడ్బందీ ఏర్పాటుకు అడ్డం పడేది మాత్రం గడ్డి. ఇది హాస్యం కాదు. మామూలు గ్లైడ్ పాత్‌లో యాంటెన్నా సగం పనే చేస్తుంది, మిగతా సగం దాని ముందున్న నేల చేస్తుంది. స్తంభం మీద సుమారు 4.3 మీటర్ల ఎత్తున ఒక యాంటెన్నా, దానికి రెట్టింపు ఎత్తున ఇంకొకటి. అవి పంపిన తరంగాలు నేల మీద పడి పైకి లేచి, నేరుగా పోయినవాటితో కలిసి ఆ 3 డిగ్రీల వాలును అల్లుతాయి. నేల మారితే వాలు మారుతుంది. తొలకరి తరువాత నెల తిరక్కుండా మోకాలెత్తు పచ్చిక లేచేది. నీళ్లు నిలిచేవి. గడ్డి కోసే కాంట్రాక్టు సివిల్ వాళ్లది, కోయకపోతే మొట్టికాయలు మాకు. షెల్టర్‌లో అడుగుపెట్టేముందు తలుపు మీద గట్టిగా కొట్టడం మా అలవాటు, లోపల పాములుంటే జరుగుతాయని. ఇక ఆవులు, గేదెలు, పర్మిషన్ లేకుండా యాంటెన్నా ముందుకొచ్చిన జీపులు. పైలట్ రేడియోలో ‘ఐ.ఎల్.ఎస్. ఊగుతోంది’ అనేవాడు, టవర్ మాకు ఫోన్ చేసేది. మేం పరుగెత్తుకెళ్లేసరికి జీపు పోయేది, ఊగడం ఆగేది, లాగ్‌బుక్‌లో ‘పరీక్షించగా సరిగానే ఉన్నది’ అని రాసేవాళ్లం. పైలట్లు మమ్మల్ని నమ్మేవారు కాదు, మేం పైలట్లను నమ్మేవాళ్లం కాదు.

పెద్ద దేశాల్లోనూ ఈ గొడవ ఉంది. 2011 నవంబరు 3న మ్యూనిక్‌లో సింగపూర్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 777 ఆటోమేటిక్‌గా దిగుతోంది. అదే సమయంలో ముందు ఒక చిన్న జెట్ పైకి లేచి లోకలైజర్ యాంటెన్నా మీదుగా పోయింది. కిరణం వంగింది, 777 ఆ వంపును నమ్మి రన్‌వే వదిలి పచ్చికలోకి పోయింది. లోకలైజర్‌లో దోషం లేదు. పొగమంచు లేని రోజుల్లో యాంటెన్నా ముందు స్థలానికి పూర్తి కాపలా ఉండదు, ఆటోపైలట్‌కు ఆ సంగతి తెలియదు.

మా పనిని పరీక్షించడానికి ఢిల్లీ నుంచి కాలిబ్రేషన్ విమానం వచ్చేది. మా రోజుల్లో డోర్నియర్. కొత్తలో దానితో పాటు థియోడలైట్ ఉండేది. గ్లైడ్ పాత్ దగ్గర మూడు కాళ్ల మీద దుర్భిణి నిలబెట్టి, దూరాన చుక్కలా కనబడిన విమానాన్ని పట్టుకుని, అది తల మీదికి వచ్చేదాకా కంటి నుంచి జారిపోకుండా తిప్పాలి. దుర్భిణి చెప్పిన కోణమూ, విమానంలో ముల్లు చెప్పిన కోణమూ కాగితం మీద పక్కపక్కన గీతలుగా పడేవి. ఎండలో ఆ పని చేసిన సాయంత్రం మెడ తిరిగేది కాదు. అయినా నాకిష్టమైన పని అదే. ఎందుకంటే రేడియో చెప్పినదాన్ని రేడియో కానిదానితో, కంటితో, సరిచూసేది అక్కడ ఒక్కచోటే.

ఆ పరీక్షలో మేం కావాలనే కిరణాన్ని చెడగొట్టాలి. మానిటర్ ఏ హద్దు దగ్గర కేక వేస్తుందో, ఆ హద్దు దగ్గర విమానానికి ఎలా ఉంటుందో చూడాలి గదా. చెడ్డ కిరణం పంపుతుంటే మానిటర్ ఊరుకోదు, ఆపేస్తుంది. అందుకని దాని నోరు కట్టేసే స్విచ్ ఒకటి ఉంటుంది, బైపాస్. అది వేసినంతసేపూ ట్రాన్స్‌మిటర్ ఏం చెప్పినా అడ్డుచెప్పేవాడు లేడు. పైలట్లు గుర్తుపట్టే మోర్స్ పిలుపును కూడా అప్పుడు తీసేస్తాం, పిలుపు వినబడకపోతే వాడకూడదని వాళ్లకు తెలుసు. పని అయ్యాక బైపాస్ తీశావా అని మా సీనియర్ ఒకాయన షెల్టర్ తలుపు దగ్గర అడిగేవారు, జీపు ఎక్కాక అడిగేవారు, కాంటీన్‌లో టీ తాగుతూ అడిగేవారు. “తీశానండీ” అని మూడోసారి కూడా చెప్పాలి. విసుక్కుంటే, “జపాన్ వాళ్ల కేసు తెలుసా నీకు?” అనేవారు.

ఆ కేసు 1972 జూన్ 14ది. టోక్యో నుంచి బయల్దేరి బ్యాంకాక్ మీదుగా వస్తున్న జపాన్ ఎయిర్‌లైన్స్ డీసీ-8 రాత్రి ఎనిమిది దాటాక ఢిల్లీ పాలం రన్‌వేకి చాలా ముందుగానే యమునా గట్టు మీద కూలింది. లోపలున్న 87 మందిలో 82 మంది పోయారు. నేల మీద పనిచేసుకుంటున్నవాళ్లూ పోయారు. బ్రెజిల్ నటి లైలా దినీస్ అందులోనే పోయింది. మన దేశం జరిపిన విచారణ, రన్‌వే కనబడిందో లేదో ఖాయం చేసుకోకుండానే పైలట్లు పరికరాలను వదిలేశారని, నిర్దేశించిన పద్ధతి పాటించలేదని తేల్చింది. జపాన్ వాళ్లు ఒప్పుకోలేదు. పాలం గ్లైడ్ పాత్ తప్పుడు సంకేతం ఇచ్చిందన్నారు. మరుసటి ఏడు మే 31న అదే పాలం దగ్గర ఇండియన్ ఎయిర్‌లైన్స్ 737 ధూళి తుపానులో దిగుతూ కూలింది, కేంద్ర మంత్రి మోహన్ కుమారమంగళం సహా 48 మంది చనిపోయారు. దాని కారణాలు వేరు. జపాన్ కేసు గురించి మాత్రం మా శాఖలో నేను చేరేనాటికి కూడా వాదనలు సాగుతుండేవి. మావాళ్లందరూ విచారణ పక్షమే, సహజంగా. నేనూ అంతే. కాని ఒక సంగతి ఒప్పుకోవాలి. తప్పుడు కిరణం మీద దిగడం అనేది ఉత్త ఊహ కాదు. సాంకేతికంగా అలా జరగడానికి దారులున్నాయి. 3 డిగ్రీల అసలు వాలుకు పైన 9 డిగ్రీల దగ్గర దాని దొంగ నీడ ఒకటి పుట్టుకతోనే ఉంటుంది. 2013లో ఐండ్‌హోవెన్‌లో ర్యాన్‌ఎయిర్ 737 ఎత్తు ఎక్కువై వస్తూ ఆ నీడను పట్టుకుంది, ఆటోపైలట్ ముక్కు పైకెత్తి వేగాన్ని ప్రమాదం అంచుకు తెచ్చింది. 1997 ఆగస్టు 6న గ్వామ్‌లో గ్లైడ్ పాత్‌ను మరమ్మతుకు ఆపేసి ఉంచినా, అది పనిచేస్తోందా లేదా అని కొరియన్ ఎయిర్ పైలట్లు మాట్లాడుకుంటూనే కొండకు కొట్టుకున్నారు, 228 మంది పోయారు.

కాని మా సీనియర్ గారి ప్రశ్నకు అసలైన జవాబు దొరికింది 2000 జూలై 29 రాత్రి, సమోవాలో. అప్పటికి ఆయన రిటైరై పోయారు.

ఎయిర్ న్యూజిలాండ్ బోయింగ్ 767 అపియా నగరానికి విమానాశ్రయమైన ఫలియోలోకి దిగుతోంది. ముందు అంతా సముద్రం, చీకటి. లోకలైజర్ పట్టింది, గ్లైడ్ పాత్ పట్టింది, ముల్లు మధ్యలోకి వచ్చి కూర్చుంది. ఎంతగా కూర్చుందంటే కదలడమే లేదు. మోర్స్ పిలుపు వినబడుతోంది. ఫ్లాగ్ లేదు. ఆటోపైలట్ ఆ ముల్లును నమ్మి దిగుతూ పోయింది. కాక్‌పిట్‌లో ముగ్గురున్నారు. దూరం చూపే అంకెకూ ఎత్తు చూపే అంకెకూ పొంతన కుదరలేదు, దీపాలు ఉండవలసిన చోట లేవు. పైకి లేపేశారు. అప్పటికి విమానం సముద్రం మీద 400 అడుగుల లోపుకు వచ్చేసింది, రన్‌వే ఇంకా ఐదున్నర మైళ్లుంది. 3 డిగ్రీల వాలు మీదైతే అక్కడ 1,700 అడుగుల పైనే ఉండాలి.

నేల మీద జరిగింది ఇది. విమానాశ్రయంలో తవ్వకాల పనుల్లో కేబుల్ దెబ్బతిని, గ్లైడ్ పాత్ బాగుందో లేదో టవర్‌కు చెప్పే దీపం పనిచేయడం మానింది. షెల్టర్‌లో ట్రాన్స్‌మిటర్ బైపాస్‌లో ఉండిపోయింది. దాన్నుంచి రెండు రకాల తరంగాలు వెళ్లాలి. మొదటిదానిలో 90, 150 రెండూ ఎప్పుడూ సమానంగా ఉంటాయి. ఎత్తును బట్టి ఆ సమానాన్ని చెదరగొట్టేది రెండోది. ఆ రాత్రి రెండోది వెళ్లడం లేదు. కనుక ఆకాశంలో ఎక్కడ చూసినా 90, 150 సమానమే. సముద్రం మీద తేలే పడవలో రిసీవర్ పెట్టినా ముల్లు మధ్యలోనే ఉండేది. స్వరాలు రెండూ వినబడుతున్నాయి గనుక ఫ్లాగ్ పడదు. ఆపవలసిన మానిటర్ నోటికి మనిషే గుడ్డ కట్టి మరిచిపోయాడు.

రెండోసారి గ్లైడ్ పాత్‌ను పక్కనపెట్టి, లోకలైజరూ దూరమూ చూసుకుంటూ క్షేమంగా దిగారు. ఎవరికీ ఏమీ కాలేదు. అందుకే పేపర్లలో పెద్దగా రాలేదు. ఎయిర్ న్యూజిలాండ్ వాళ్లు దాన్ని దాచుకోకుండా వీడియో తీసి ప్రపంచమంతటికీ పంచారు. అది చూసిన రోజు నాకు రాత్రి నిద్ర రాలేదు, బైపాస్ దీపమే కళ్లముందు.

ఇంకో కేసుకు ఇంత ప్రచారం లేదు, నా దృష్టిలో ఇంతకన్నా భయంకరమైనది. 2003 మార్చి 31న బ్రిటిష్ మెడిటరేనియన్ వారి ఏ-320 అలెగ్జాండ్రియా నుంచి అడిస్ అబాబా వచ్చింది. అక్కడ వాళ్లు వాడింది దిశ చెప్పే పాత స్టేషను, వి.ఓ.ఆర్. దాని యాంటెన్నాలోకి నీళ్లు దిగాయి, అది చెప్పే దిశ తప్పింది, నేల మీది మానిటర్ దాన్ని పట్టుకోలేదు. ఇంతవరకు పాత కథే. కొత్తదేమిటంటే ఆ విమానంలోని కంప్యూటర్ తానెక్కడున్నానో తెలుసుకోవడానికి కూడా ఆ స్టేషనునే అడిగింది. తప్పు దిశ విని మ్యాపును మొత్తం పక్కకు జరుపుకుంది. కొండలు వస్తున్నాయని అరవవలసిన హెచ్చరిక పరికరం ఆ కంప్యూటర్ చెప్పిన చోటునే నమ్మింది. ముల్లు, మ్యాపు, హెచ్చరిక మూడూ ఏకాభిప్రాయంతో ఉన్నాయి, ఎందుకంటే మూడింటికీ సమాచారం ఇచ్చినది ఒకే తడిసిన యాంటెన్నా. విమానం కొండ శిఖరాన్ని 56 అడుగుల ఎత్తున దాటింది. ఎయిర్‌బస్ తెర మీద నావిగేషన్ ఖచ్చితత్వం ‘హై’ అనో ‘లో’ అనో ఒక మాట కనబడుతుంది. అది కంప్యూటర్ తన మీద తనకున్న నమ్మకానికి వేసుకున్న మార్కు. ఆ మార్కును బయటివాడు వేయడం వేరు, తనకు తాను వేసుకోవడం వేరు.

తరువాత ఉపగ్రహాలొచ్చాయి. మా స్తంభాలు అక్కర్లేదు, రన్‌వేకి ఒక కంప్యూటర్ గీత గీసి జీపీఎస్‌తో దిగొచ్చన్నారు. ఐ.ఎల్.ఎస్.కు రోజులు చెల్లాయని మాకు అప్పటికే ఒకసారి చెప్పారు. 1978లో ఐకావో మైక్రోవేవ్ పద్ధతిని ఎంచుకుంది, తరువాత ఐ.ఎల్.ఎస్.ను 1998 నాటికి తీసేస్తామంది. తీసేయలేదు. 1998లో మాకు మిగిలింది 108 మెగాహెర్ట్జ్ కింద పాటలు వేసే ఎఫ్.ఎం. స్టేషన్ల రొద నుంచి విమానం రిసీవర్లను కాపాడే కొత్త నిబంధన ఒక్కటే.

జీపీఎస్ దారిలో ఎడమ కుడి ఉపగ్రహం చెబుతుంది. ఎత్తు మాత్రం చాలా విమానాల్లో గాలి ఒత్తిడి నుంచి వస్తుంది. ఆ ఊళ్లో ఇప్పుడు ఒత్తిడి ఎంతో కంట్రోలర్ చెబితే పైలట్ తిప్పి పెట్టుకుంటాడు. 2022 మే 23న పారిస్‌లో రన్‌వే ఐ.ఎల్.ఎస్. మూసి ఉంది, వాన పడుతోంది. స్టాక్‌హోమ్ నుంచి వచ్చిన ఏ-320కి కంట్రోలర్ 1001 అనవలసింది 1011 అన్నాడు. పది యూనిట్లకు సుమారు 280 అడుగుల తేడా. విమానం తన గీత మీద సూదిమొనలా దిగింది, గీతే 280 అడుగులు కిందుంది. రన్‌వేకి ఒక మైలు లోపు దూరంలో రేడియో ఎత్తు 6 అడుగులకు వచ్చింది. కొండ హెచ్చరిక మోగలేదు. కనీస ఎత్తుకు వచ్చామనుకుని, రన్‌వే కనబడలేదు గనుక పైలట్లు మామూలుగా పైకి లేపారు. తామెంత కిందికి పోయామో వాళ్లకు అప్పటికి తెలియనే తెలియదు. ఇందులో బైపాస్ చేయడానికి మానిటర్ కూడా లేదు. ఒక మనిషి నోటి నుంచి ఒక మనిషి చెవికి వచ్చిన అంకె, అంతే.

ఎత్తు కూడా ఉపగ్రహమే చెప్పి, తప్పయితే అదే చెప్పాలంటే గగన్ లాంటిది కావాలి. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టినది. దేశంలో 15 చోట్ల స్థిరంగా కూర్చున్న రిసీవర్లు జీపీఎస్ తప్పును కొలిచి, దిద్దుబాటునూ ‘ఇప్పుడు నమ్మవద్దు’ అన్న హెచ్చరికనూ ఉపగ్రహం మీదుగా విమానానికి పంపుతాయి. ఈ తరగతి అప్రోచ్‌కు హెచ్చరిక గడువు 10 సెకండ్లు. మా మొదటి తరగతి లోకలైజర్‌కు ఇచ్చినదీ అంతే. ఆ అంకె చూసి నాకు పాత స్నేహితుడు కనబడినట్టయింది.

ఇక్కడ మన తెలుగు నేలకు ఒక పాత్ర ఉంది. జీపీఎస్ తరంగం పైన అయనావరణం అనే పొరలో ఆలస్యమవుతుంది. మన దేశం దక్షిణ కొస మీదుగా అయస్కాంత భూమధ్యరేఖ పోతుంది. 1963లో తుంబా నుంచి రాకెట్ ఎగరేసిందీ అందుకే. అక్కడ పైకి లేచిన విద్యుత్కణాలు ఉత్తరాన గుమిగూడి పడతాయి. పొద్దుగూకాక అందులో బుడగలు లేస్తాయి. అమెరికా వాళ్ల లెక్క తెచ్చి ఇక్కడ పెడితే చాలదు. ఈ పొర గుణాలను వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు గగన్ పుట్టకముందు నుంచే దశాబ్దాలుగా కొలుస్తున్నారు. గగన్ కోసం దేశమంతా పెట్టిన రిసీవర్ల కొలతలను విడమర్చినవారిలో ఆచార్య పి.వి.ఎస్. రామారావు బృందం ఉంది. ఉస్మానియాలో నావిగేషన్ ఎలక్ట్రానిక్స్‌కే ప్రత్యేకంగా పరిశోధన విభాగం ఉంది. 2015లో గగన్‌కు నిలువు దారి చూపే ధ్రువపత్రం వచ్చింది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ దాని మీద దిగి చూపించింది. నేల మీద ఒక్క స్తంభం లేకుండా. గడ్డి కోయక్కర్లేదు!

కాని ఉపగ్రహం గొంతు చాలా సన్ననిది. దానికన్నా గట్టిగా దాని గొంతుతోనే ఎవరైనా మాట్లాడితే రిసీవర్ వాడినే నమ్ముతుంది. 80వ వింగ్ వాళ్లు చేసింది ఇదే కదా. 2023 నవంబరులో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇలాంటివి జరిగితే తప్పక తెలపాలని చెప్పాక దేశంలో చాలా చోట్ల నుంచి నివేదికలు వచ్చాయి, వాటిలో మన హైదరాబాద్ పేరూ ఉంది. 2025 నవంబరులో ఢిల్లీలో 10వ నంబరు రన్‌వేకి జీపీఎస్ పద్ధతిలో దిగుతున్న విమానాలకు తప్పుడు సంకేతాలు తగిలాయి. పౌర విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారు పార్లమెంటుకు ఆ మాట చెప్పారు. మామూలు నేల పరికరాలున్న మిగతా రన్‌వేలకు ఇబ్బంది రాలేదని, అందుకే పాత స్టేషన్లతో కనీస నెట్‌వర్క్ ఒకటి కొనసాగిస్తున్నామని కూడా ఆ జవాబులో ఉంది.

ఆ జవాబు చదివాక నేను తెలుసుకోవాలనుకున్నవి చిన్న సంగతులే. ఆ కనీస నెట్‌వర్క్‌లో గ్లైడ్ పాత్ ముందు గడ్డి ఏ నెలలో కోస్తారు, కాలిబ్రేషన్ విమానం ఎన్నాళ్లకొకసారి వస్తుంది, అర్ధరాత్రి అలారం మోగితే టార్చి పట్టుకుని షెల్టర్ దాకా వెళ్లే మనిషి డ్యూటీ చార్టులో ఉన్నాడా అని.